ఆరో గదిలో ఎవరూ లేరట

“నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?” అంది అక్క. ఉత్తరం బల్ల మీద పెట్టి, ఎగిరిపోతుందేమో అన్నట్టు దాని మీద చెయ్యి ఆనించి కూర్చుంది.

“ఎవరూ చెప్పక్కర్లేదు. తీసుకెళ్ళి పొయ్యిలో పడెయ్.”

“పడేస్తే నాలుగింటికి రావాల్సిన మనిషి రాకుండా ఆగిపోతాడా?”

జవాబు లేనప్పుడే నాకు కోపం ఎక్కువొస్తుంది, చిన్నప్పటినుంచీ ఇదే వరస. టీ గ్లాసు ఠపీమని పెట్టాను. సగం ఒలికింది. అక్క ఉత్తరాన్ని మాత్రం తడవకుండా పైకెత్తింది.

బయట పొగమంచు. మూడు రోజులుగా ఎదురింటి గోడ కూడా కనపడటం లేదు. పెరట్లో ఏవీ ఆరట్లేదని వసారా పొడుగునా, మెట్ల పక్కనా, మేడ మీద నడవలోనూ తాళ్ళు కట్టి దుప్పట్లు ఆరేశాను. ఎటు నడిచినా మొహానికి తెల్లటి తడి బట్ట తగులుతోంది. ఎవరెక్కడున్నారో కాళ్ళు చూసి పోల్చుకోవాల్సిందే. ఆ రోజంతా నాకు జరిగినదానిలా కాదు, సగంలో వదిలేసి వెళ్ళిపోయిన కలలా గుర్తుంది.

నేను వినలేదేమో అన్నట్టు అక్క ఉత్తరం మళ్ళీ చదివింది. “తనిఖీలో ఆరో నంబరు గది ఖాళీగా ఉన్నట్టు తేలినందున, దానిని జాబితాలోని తర్వాతి పేరుకు కేటాయించడమైనది. సదరు వ్యక్తి పదిహేనో తేదీ సాయంత్రం నాలుగు గంటలకు హాజరవుతారు.” ఆగి, “అంటే ఇవాళే,” అంది.

“ఖాళీయట! ఏడు నెలలుగా మనిషి ఉన్న గది ఖాళీయట! ఆ ఆఫీసరుకి కళ్ళున్నాయా, వాటి చోట బొత్తాలు కుట్టించుకున్నాడా?”

“అరవకు. పైకి వినపడుతుంది.”

పైన ఎనిమిది గదులు, వాటిని కేటాయించేది జిల్లా ఆఫీసు. ఎనిమిది మంది. అందరూ ఒకప్పుడు సైన్యంలో పనిచేసినవాళ్ళు, తర్వాత ఎలాగెలాగో తల మీద కప్పు పోగొట్టుకున్నవాళ్ళు. ఇంటికి వార్డెన్ అక్క. వంట బావది. ఆయనా సైన్యంలో వంటవాడే, ఇప్పటికీ వందమందికి తక్కువ సూప్ చెయ్యడం చేతకాదు. ఉతుకుడూ కుట్టుపనీ నావి. ఏ గదిలో ఎవరు ఏ వైపు తిరిగి పడుకుంటారో దుప్పటి చూసి చెప్పగలనని నాకో గర్వం ఉండేది. ఆ గర్వం కూడా ఆ రోజే పోయింది.

ఆరో గదిలో ఉండేది వంతెన బాబాయ్. సైన్యంలో ఇరవై రెండేళ్ళు నదుల మీద పడవలు వరసగా కట్టి వంతెనలు వేశాడు. బయటికొచ్చాక పదకొండేళ్ళు ఊరి చివర రోడ్డు వంతెన కింద బతికాడు. “వంతెనలు కట్టినవాడు వంతెన కిందే కాపురం పెట్టాడు చూడమ్మా” అని ఆయనే చెప్పి ఆయనే నవ్వుతాడు. మాకెవరికీ నవ్వు రాదు.

“తప్పు నీదే,” అంది అక్క. గట్టిగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

తప్పు నాదే. పది రోజుల కిందట మేడ మీదకెళ్ళి, “రేపు తనిఖీకి వస్తున్నారు, గది కాస్త సర్దుకోండి బాబాయ్” అన్నది నేనే. అందరికీ అదే మాట చెప్పాను. మిగతావాళ్ళు తడి బట్టలు మంచం కిందకి తోసి ఊరుకున్నారు. ఈయన అలా కాదు. తనిఖీ అంటే కంటికి సొంత వస్తువు ఒక్కటీ ఆనకూడదు, అది ఆయనకు ఒంటబట్టిన పద్ధతి. పరుపు తలవైపుకి చుట్టేశాడు. దుప్పటి మడత నలుచదరంగా, అంచు అంచుకి తాకేట్టు పెట్టాడు. దువ్వెన, సబ్బు, తువ్వాలు సంచిలో వేసి, ఆ సంచి తెచ్చి నా ఉతుకుడు గదిలో బీరువా వెనక దాచాడు. నేల తుడిచాడు. ఆఫీసరుకి అడ్డం ఉండకూడదని గేటు దగ్గరికి వెళ్ళి నిటారుగా నిలబడ్డాడు. ఆ నిలబడ్డాయన్ని వాచ్‌మన్ అనుకుని తలూపి మరీ లోపలికి వచ్చాడు ఆ మహానుభావుడు.

గది తలుపు తీశాడు, చూశాడు, కాగితం మీద ఒకే ఒక్క మాట రాసుకుని వెళ్ళిపోయాడు.

“పొద్దున ఫోన్ చేశాను,” అంది అక్క. “మనిషి ఉన్న వాసన కూడా లేదమ్మా ఆ గదిలో అన్నాడు. నేను చెప్తే నమ్మలేదు. మూడింటికి మళ్ళీ వస్తాడట. గదిలో మనిషి ఉంటున్నట్టు కళ్ళకి కనపడాలి. ‘ఈ గదిలో నివసిస్తూ, ఈ మంచం వాడుకుంటున్నాను’ అని బాబాయ్ సంతకం పెట్టాలి. అప్పుడు ఉత్తర్వు రద్దు చేస్తాడు.”

“మరి ఇంకేం! ఇంతసేపూ ఏడిపించావు కదే నన్ను!”

అక్క నవ్వలేదు. ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టింది.

“ఆ వచ్చే మనిషికీ ఇల్లు లేదే. అది ఒక్కసారైనా అనుకున్నావా?”

“అనుకోను. నాకు ఆయన తెలుసు, వీడెవడో తెలీదు.”

“తెలీకపోతే చలి వెయ్యదా?”

“హాల్లో పరుపు వేద్దాం. నా గదిలో వేద్దాం.”

“కిందటేడు హాల్లో ఒకాయన్ని రెండు రోజులు ఉంచినందుకు ఇల్లే మూసేస్తామన్నారు. మరిచిపోయావా? మంచానికో పేరు, పేరుకో మంచం. నీ మంచానికీ అంతే, నా మంచానికీ అంతే.”

వంటింట్లోంచి బావ గరిట తిప్పుతున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. అక్కా నేనూ పోట్లాడుకుంటే బావకి భయం లేదు, మాట్లాడుకోకపోతేనే భయం. గరిట పట్టుకునే బయటికొచ్చాడు.

“ఏమైంది మరదలా? ఎవరు పోయారు?”

“ఇంకా ఎవరూ పోలేదు బావా. నువ్వెళ్ళి ఆరో గది పాడుచెయ్యాలి.”

విషయం చెప్పేసరికి బావకి ఎక్కడలేని హుషారొచ్చింది. జీవితమంతా గదులు శుభ్రం చెయ్యమని తిట్లు తిన్న మనిషి, పాడుచెయ్యమంటే ఊరుకుంటాడా? తన చెప్పుల జత, పాత అలారం గడియారం, సగం చదివిన పేపరు, పళ్ళ బ్రష్షు, గోడకి కొట్టడానికి కిందటేటి క్యాలెండరు, అన్నీ చంకలో పెట్టుకుని మెట్లెక్కాడు.

“కిందటేటిది ఎందుకండీ?” అంది అక్క.

“ఒక సంవత్సరం మార్చడం మరిచిపోయిన మనిషంటే, ఉంటున్న మనిషే కదే!”

నాకు నవ్వొచ్చింది. అక్కకీ రావాల్సిందే, ఆపుకుంది.

*

బాబాయ్ వసారాలో దుప్పట్ల మధ్య ఉన్నాడు. ముందు కాళ్ళు కనపడ్డాయి, మెరిసే బూట్లు, లేసులు రెండు వైపులా సమానంగా కట్టి. రోజూ పొద్దున నాతోపాటు దుప్పట్లు మడతపెడతాడు. ఇద్దరం చెరో అంచూ పట్టుకుని దూరం జరుగుతాం, దగ్గరికొస్తాం, ఆయన చేతిలోని అంచు నా చేతికిస్తాడు, మళ్ళీ దూరం. ఆ పనిలో మాటలు వాటంతటవే నిదానంగా వస్తాయి. అందుకే అక్కడే చెప్పేద్దామనుకున్నాను.

“బాబాయ్, ఆఫీసువాళ్ళు చిన్న పొరపాటు చేశారు.”

“చిన్నదే కదా,” అన్నాడు. దూరం జరిగాం.

“మీ గది ఖాళీ అని రాసుకున్నారు.”

దగ్గరికొచ్చాడు. అంచు నా చేతిలో పెట్టాడు. ఆ మొహంలో ఏమీ మారలేదు, అదే నాకు నచ్చలేదు.

“అలాగా. ఎన్నింటికి ఖాళీ చెయ్యాలమ్మా?”

“ఖాళీ చెయ్యమని ఎవరన్నారు?”

“ఇంకొకరికి ఇచ్చుంటారు కదా. నాకు ఆరు నిమిషాలు చాలు. సంచి నీ బీరువా వెనకే ఉంది, అసలు బయటికే తియ్యలేదు.”

ఏడు నెలలుగా నా మనసులో ఆయన మా ఇంటి మనిషి. ఆయన మనసులో మాత్రం ఆరు నిమిషాల్లో బయలుదేరే మనిషి. తనిఖీ అయిపోయి తొమ్మిది రోజులైనా సంచి వెనక్కి తీసుకెళ్ళలేదని అప్పుడే తెలిసింది నాకు. దుప్పటి కింద పడేశాను.

“సిగ్గులేదా మీకు? పొమ్మంటే పోవడమేనా? ఒక్కసారన్నా ‘ఇది నాది, నేను పోను’ అని నోరు తెరిచి అనలేరా?”

ఆయన వంగి దుప్పటి తీశాడు. దుమ్ము దులిపాడు. రెండు అంచులూ తనే కలిపి మడతపెట్టడం మొదలెట్టాడు.

“కోప్పడకమ్మా. ఏం చెయ్యమంటావో చెప్పు, చేస్తాను.”

పైకి తీసుకెళ్ళాను. బావ గదిని చక్కగా పాడుచేసి చేతులు దులుపుకుంటూ నిలబడ్డాడు. చెప్పులు ఒకటి తలుపు దగ్గర, ఒకటి కిటికీ కింద. పేపరు మంచం మీద. గడియారం టిక్కుటిక్కుమంటోంది. బాబాయ్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఇవన్నీ ఎవరివి?”

“మీవే అనుకోండి బాబాయ్, మూడింటి దాకా,” అన్నాడు బావ.

“నావి కావు కదా నాయనా.”

ఆ మాటలో తిట్టు లేదు, బెట్టు లేదు. ఉన్నమాట అంతే. బావ మొహం చిన్నబోయింది. చెప్పుల జత ఏరుకుని, క్యాలెండరు చుట్టి, నా వంక చూడకుండా మెట్లు దిగిపోయాడు. గడియారం ఒక్కటి మరిచిపోయాడు.

సంతకం పెట్టాల్సిన కాగితం ఇచ్చాను. బాబాయ్ కిటికీ దగ్గర నిలబడి మెల్లగా చదివాడు. కిటికీ బయట తెల్లగా తప్ప ఏమీ లేదు. పెన్ను మూత తీశాడు. మళ్ళీ పెట్టేశాడు.

“ఇది రాయలేనమ్మా.”

“ఏం?”

“ఈ మంచం మీద నేను ఒక్కనాడూ పడుకోలేదు.”

నా చెవుల్ని నేనే నమ్మలేదు. “మరి పక్క?”

“రోజూ పొద్దున సరిచేస్తాను, అంతే. పడుకునేది ఇక్కడ.” బూటు కొనతో గుమ్మం వారన నేల చూపించాడు. “తలుపుకి అడ్డంగా.”

ఏడు నెలలు. వారానికోసారి ఆయన దుప్పట్లు ఉతికాను, ఎండలో దులిపాను, ఎంత పొందికైన మనిషో, మరకైనా పడనివ్వడు అని అక్కకి గొప్పగా చెప్పాను. వాడని దుప్పట్లు ఉతికానన్నమాట. దుప్పటి చూసి మనిషిని చెప్తానన్న నేను, ఇంట్లో ఒక మనిషి కటిక నేల మీద పడుకుంటున్నాడని తెలుసుకోలేకపోయాను. అంత సిగ్గు నా జన్మలో పడలేదు. మంచం అంచున కూలబడ్డాను.

“ఎందుకు బాబాయ్? మాకు చెప్పొద్దూ?”

గడియారం కొట్టుకుంటూనే ఉంది.

“కళ్ళు మూస్తే మంచం కదులుతుందమ్మా. కింద నీళ్ళు తెలుస్తాయి. పడవలు ఒకదానికొకటి తాళ్ళతో కట్టేసి, పైన పలకలు పరుస్తాం. కట్టడం కాదు, కట్టినదాన్ని నిలబెట్టడమే కష్టం. ఎవరో ఒకరు ఒడ్డున తాడు దగ్గర మేలుకునుండాలి. తాడు బిగుసుకుంటే ఒక చప్పుడు, వదులైతే ఒక చప్పుడు. పైన ఎంతమంది నడుస్తున్నా ఆ మనిషి చెవి తాడు మీదే. ఒకసారి నా వంతు. ఒక్క రెప్పపాటు కన్నంటుకుంది.”

“తర్వాత?”

“తర్వాత ఏముంది. తాడు పోయింది.”

ఎంతమంది, ఎవరు అని నేను అడగలేదు. అడిగితే చెప్పేవాడే. నా నోరెప్పుడూ ఆగదు, ఆ ఒక్కసారి ఎందుకో ఆగింది. నీళ్ళు నాకూ వినపడుతున్నట్టే ఉంది, కిటికీ అద్దం మీద మంచు కరిగి జారుతున్న చప్పుడు కావచ్చు.

టైము ఒకటిన్నర దాటింది. ఇంకో గంటన్నరలో ఆఫీసరు వస్తాడు. బతిమాలితే వినే మనిషి కాదు, అబద్ధం రాయమంటే రాసే మనిషి అంతకంటే కాదు.

“అయితే ఇప్పుడు పడుకోండి,” అన్నాను.

“ఇప్పుడా?”

“ఇప్పుడే. పట్టపగలు. ఒక్కసారి పడుకుంటే మంచం వాడుకుంటున్నాను అన్నది అబద్ధం కాదు కదా? తాడు సంగతి నాకొదిలెయ్యండి. గుమ్మంలో నేను కూర్చుంటాను. బిగుసుకుంటే చెప్తాను, వదులైతే చెప్తాను.”

నవ్వాడు. మొదటిసారి ఆయన నవ్వుకి నాకూ నవ్వొచ్చింది.

“నీకు చప్పుడు తెలీదు కదమ్మా.”

“ఎనిమిది గదుల గురకలు విని పెరిగిన చెవులు బాబాయ్ ఇవి. పడుకోండి.”

బూట్లు విప్పి మంచం కింద ఒకదాని పక్కన ఒకటి పెట్టాడు. వెల్లకిలా పడుకున్నాడు, చేతులు పక్కలకి, గడ్డం పైకి, పడుకుని కూడా అటెన్షన్‌లోనే. నేను కుట్టాల్సిన దిండు గలీబులు ఒళ్ళో వేసుకుని గుమ్మానికి అడ్డంగా చతికిలబడ్డాను. కాసేపటికోసారి “ఉన్నావా?” అనేవాడు. “ఉన్నాను” అనేదాన్ని. “ఉన్నావా?” “ఉన్నాను బాబాయ్.” ఆ మాటల మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. ఒకసారి నేను “ఉన్నాను” అన్నాక గాని తెలియలేదు, ఆయన అడగనే లేదని.

ఒక పక్కకి ఒత్తిగిలాడు. మోకాళ్ళు ముడుచుకుని, అరచెయ్యి చెంప కింద పెట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోయాడు.

నడవలో దుప్పట్లు గాలికి కాస్త కదిలి ఊరుకుంటున్నాయి. ఇల్లంతా మెల్లగా ఎటో వెళ్తున్నట్టు అనిపించింది నాకు. వెళ్తే వెళ్ళనీ అనుకున్నాను. ఆయన ఊపిరి వినడం తప్ప నాకు వేరే పని లేదు, సూది చేతిలో ఉంది గాని ఒక్క కుట్టూ వెయ్యలేదు. అంత సంతోషంగా ఎప్పుడున్నానో గుర్తులేదు.

*

రెండున్నరకి దుప్పట్ల కింద రెండు కాళ్ళు కనపడ్డాయి. మా ఇంటివి కావు. మగవాడివీ కావు. అరిగిపోయిన నల్ల చెప్పులు, లోపల ఊలు మేజోళ్ళు, ఒక మడమ దగ్గర చిరుగు చక్కగా రఫూ చేసి ఉంది. చెయ్యి తిరిగిన కుట్టు.

దుప్పటి తొలగించుకుని ఒకావిడ వచ్చింది. అరవై దాటి ఉంటాయి. కోటు మీద మంచు తడి, చేతిలో ఒక సంచి, ఇంకో చేతిలో మడతపెట్టిన ఉత్తరం.

“ఆరో నంబరు ఇదేనామ్మా? కింద ఎవరూ కనపడలేదు. నాలుగింటికి రమ్మన్నారు గానీ, బయట చలిగా ఉందని...”

వేలు పెదవి మీద పెట్టుకున్నాను. ఆవిడ నా భుజం మీదుగా గదిలోకి చూసింది. చాలాసేపు చూసింది.

“నిద్రపోయి ఎంతసేపయింది?” అంది, గొంతు పూర్తిగా తగ్గించి.

“ముప్పావు గంట.”

“లేపకండి. ఇలాంటి నిద్ర మళ్ళీ పట్టించడం కష్టం.” సంచి కింద పెట్టి నా పక్కనే నేల మీద కూర్చుంది. “సైన్యం ఆసుపత్రిలో నర్సుని నేను. పంతొమ్మిదేళ్ళు. మొహం చూస్తే తెలుస్తుంది, ఎన్నాళ్ళకి నిద్రపోయాడో.”

పోనీ ఒక మొండివాడో, తాగుబోతో వచ్చి ఉంటే ఎంత బావుండేది! గొడవ పడేదాన్ని, గెంటేసేదాన్ని. పొద్దుటినుంచీ ఆ గొడవకే తయారై ఉన్నాను నేను. ఈవిడతో ఏం గొడవ పడను?

“ఇప్పుడు ఎక్కడుంటున్నారు?” అడక్కూడదని తెలిసీ అడిగాను.

“స్టేషన్‌లో. ఆడవాళ్ళ వెయిటింగ్ రూమ్. అక్కడివాళ్ళు మంచివాళ్ళే, నన్ను టికెట్ అడగరు. సోమవారం నుంచి దాన్ని మూసేస్తున్నారట, మరమ్మతులని. ఇంతలో ఈ ఉత్తరం వచ్చింది. అదృష్టం చూడండి.” ఉత్తరాన్ని మోకాలి మీద పెట్టి అరచేత్తో చదును చేసింది. “ఆయన ఖాళీ చేసి వెళ్తున్నారా?”

నా నోట అబద్ధం రాలేదు, నిజమూ రాలేదు. ఆవిడ నన్ను చూసింది, మంచం కింద బూట్లు చూసింది, ఆయన మొహం మళ్ళీ చూసింది. మరేమీ అడగలేదు. ఇద్దరం అలాగే గుమ్మంలో కూర్చున్నాం, ఆయన ఊపిరి వింటూ. కాసేపయ్యాక నా ఒళ్ళోంచి ఒక దిండు గలీబు తీసుకుని, సూది అడిగి, కుట్టడం మొదలెట్టింది.

మూడింటికి అక్క ఆఫీసరుని వెంటబెట్టుకుని వచ్చింది. ముక్కు ఎగబీలుస్తూ, రుమాలు పట్టుకుని, మంచి మనిషిలాగే ఉన్నాడు. పొద్దుటినుంచీ తిట్టినందుకు నాకే ఎలాగో అయింది. గదిలోకి తొంగిచూసి, అడుగు వెనక్కి వేసి, రహస్యంగా అన్నాడు.

“అయ్యో, ఇదా ఖాళీ గది! పొరపాటు నాదేనమ్మా. ఉత్తర్వు రద్దు చేస్తున్నాను. లేచాక ఆయనతో సంతకం పెట్టించండి, ఐదులోపు నాకు చేర్చండి చాలు.” అప్పుడు నర్సమ్మని చూశాడు. “వీరు?”

“జాబితాలో తర్వాతి పేరు,” అంది అక్క. నన్ను చూస్తూ అంది.

ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. “మీకు శ్రమ ఇచ్చాం. మీ పేరు ఎక్కడికీ పోదమ్మా, మొదట్లోనే ఉంటుంది. గది ఖాళీ అవగానే కబురు చేస్తాం.”

“ఎన్నాళ్ళు పట్టచ్చు బాబూ?”

ఆఫీసరు రుమాలు మళ్ళీ బయటికి తీశాడు. మా ఇంట్లో గదులు ఖాళీ అయ్యేది ఒకే ఒక్క విధంగా. అది ఆవిడకీ అర్థమైనట్టుంది.

“మంచిది,” అంది. కుట్టిన గలీబు దారం పంటితో తెంపి, మడిచి నా చేతిలో పెట్టింది. ఆఫీసరుతోపాటు అక్క దిగిపోయింది. వెళ్తూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసిందే, ఆ చూపుకంటే నాలుగు తిట్లు తిట్టినా సరిపోయేది.

నర్సమ్మ సంచి ఎత్తుకుని, దుప్పట్లు తప్పించుకుంటూ మెట్ల వైపు నడిచింది.

అప్పుడే మంచం కిర్రుమంది.

“మూడయిందా తల్లీ?”

“అయింది బాబాయ్. ఆఫీసరు వచ్చాడు, చూశాడు, వెళ్ళాడు. గది మీదే. మీ సంతకం ఒక్కటే తక్కువ.”

ఆయన లేచి కూర్చున్నాడు. చెంప మీద దిండు ముడత ఎర్రగా అచ్చుపడింది. జుట్టు ఒక పక్కకి లేచిపోయింది. ఆయన్ని నేను అలా ఎప్పుడూ చూడలేదు. రెండు చేతులతో పరుపుని తడుముకుని, ఏదో వింతలా నవ్వాడు.

“కదల్లేదమ్మా. ఒక్కసారి కూడా కదల్లేదు.”

నాకు ఏడుపొచ్చేసింది. కాగితం, పెన్నూ తీసి ఇచ్చాను. మోకాలి మీద పెట్టుకుని, మూత తీస్తూ తలెత్తాడు. మెట్ల దగ్గర, రెండు దుప్పట్ల సందున, తడి కోటు, ఒక సంచి.

“ఎవరమ్మా ఆవిడ?”

నిజం చెప్తే ఆరు నిమిషాలు. నాకు తెలుసు. ఆరు నిమిషాల్లో పరుపు చుట్టేసి, సంచి తీసుకుని, ఆవిడకి దారి ఇచ్చి, ఈ మంచులో మళ్ళీ ఆ వంతెన కిందకే నడుస్తాడు. ఇప్పుడిప్పుడే నిద్రపోయిన మనిషి.

“ఎవరో దారి తప్పి వచ్చారు బాబాయ్,” అన్నాను. “మన ఇంటికి కాదట.”

“పాపం,” అని, ఆయన కాగితం మీదకి వంగాడు. “ఇప్పుడైతే ఇందులో అబద్ధం లేదు కదమ్మా?”

మెట్లు దిగుతున్న ఆవిడ అడుగుల చప్పుడు ఆగింది. ఆగి, మళ్ళీ పైకి రావడం మొదలైంది.